నీళ్లు ఎటు పోవాలి?

గంట వాన పడితే చాలు, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. వెంటనే అందరిదీ ఒకటే మాట, "ఈసారి వాన మరీ ఎక్కువ." తప్పంతా వానదేనా? నేలను మనం ఏం చేశామో ఎవరూ అడగరేం?

ఒక హెక్టారు మీద 1 సెంటీమీటరు వాన అంటే లక్ష లీటర్ల నీళ్లు! గడ్డి, చెట్లు, గుల్ల మట్టి ఉంటే అందులో చాలావరకు ఇంకిపోతుంది, మిగిలింది మెల్లగా సాగుతుంది. సిమెంటు, తారు పరిచేశాక ఇంకే చోటేది? దాదాపు మొత్తం ఒక్కసారిగా కాలువ మీద పడుతుంది. ఊరు ఎన్నో రెట్లు పెరిగినా ఆ కాలువ వెడల్పు మాత్రం పెరగదు.

గుంట కనిపిస్తే పూడ్చాలి, గుట్ట కనిపిస్తే చదును చేయాలి. వాగునేమో పైపులో దూర్చి పైన పార్కింగ్! ఆ పైపు మూతి దగ్గర చూడండి. ఒక కొమ్మ అడ్డం పడుతుంది, దానికి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటాయి, ఆపైన బురద. అంతే, వాగు వీధిలోకి వచ్చేస్తుంది.

రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర గీకరు, దాని మీదే ఇంకో పొర. చివరికి గడప కంటే రోడ్డే ఎత్తు. కొత్తగా కట్టేవాళ్లు మట్టి పోసి ఎత్తు పెంచుకుంటారు, ఆ నీళ్లన్నీ పక్కింట్లోకే. ఆ ఇంట్లో ముసలివాళ్లు అర్ధరాత్రి బియ్యం బస్తా అటక మీదికి ఎలా ఎక్కిస్తారు?

నీరు పల్లమెరుగు. మరి ఆ పల్లంలోనే సెల్లార్ తవ్వడానికి అనుమతి ఎలా ఇస్తున్నారు?