స్వచ్ఛ రక్తం అనే జబ్బు

పగ్ కూర్చుని నిద్రపోతున్న వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. సోఫా అంచుకు గడ్డం ఆనించి, తూలుతూ, ఉలిక్కిపడి లేస్తూ ఉంటుంది. కొన్నయితే నోట్లో బంతి కరుచుకునే కునుకు తీస్తాయి. వీడియో కింద వందల కొద్దీ నవ్వుల ఎమోజీలు. నిజానికి పడుకుంటే గొంతు మూసుకుపోతుంది కాబట్టే ఆ కుక్క కూర్చుని నిద్రపోతోంది. నోరు తెరుచుకుని ఉండాలనే బంతి పెట్టుకుంటోంది. మూతి ఎముకను పొట్టి చేశారు గానీ లోపలి మెత్తటి అంగిలి, కండ ఆ మేరకు తగ్గలేదు. ఉన్న కాస్త చోట్లో అవన్నీ ఇరుక్కుని ఊపిరికి అడ్డం పడతాయి. కుక్క ఒళ్లు చల్లబడాలంటే రొప్పడమే ప్రధానమైన దారి. ఆ ముక్కుతో అది ఏప్రిల్ ఎండల్లో విజయవాడలో రొప్పాలి. ఒక మొబైల్ యాడ్ పుణ్యమా అని మన ఊళ్లలో 'హచ్ కుక్క' అయిపోయిన ప్రాణి కథ ఇది.

జాతి కుక్కల్లో మనం వేలకు వేలు పోసి కొనే 'ప్రత్యేకత' చాలాసార్లు ఒక జన్యు లోపమే. దాన్ని లోపంగా ఉండనివ్వకుండా అర్హతగా మార్చింది ప్రకృతి కాదు, రిజిస్టర్ పుస్తకం. 1859లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో డాగ్ షో పెట్టారు, 1873లో లండన్‌లో జాతి కుక్కల పేర్లు పుస్తకంలో నమోదు చేసే కెనెల్ క్లబ్ వచ్చింది. అక్కడి నుంచి పుస్తకంలో పేరున్న తల్లికీ తండ్రికీ పుట్టిందే జాతి కుక్క, మిగతాదంతా కల్తీ. ఇవాళ మనం పేర్లు పెట్టి పిలుచుకునే జాతుల్లో ఎక్కువ భాగం ఈ నూటయాభై రెండొందల ఏళ్లలో బిగించినవే.

మనిషి ఎత్తును 12 వేలకు పైగా జన్యు తేడాలు కలిసి నిర్ణయిస్తాయని 2022లో తేల్చారు. కుక్కల రూపం అలా కాదు. ఒక్క చోట తేడా వస్తే చాలు, ఆకారమే మారిపోతుంది. డాక్స్‌హండ్ పొట్టి కాళ్లనే తీసుకోండి. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి 18వ క్రోమోజోమ్‌లో చేరడమే కారణమని 2009లో పట్టుకున్నారు. అలాంటిదే ఇంకో నకలు 12వ క్రోమోజోమ్‌లోనూ ఉందని 2017లో బయటపడింది. ఈ రెండోది కాళ్లను పొట్టి చేసి ఊరుకోదు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కులను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. అవి పగిలి వెన్నుపామును నొక్కితే వెనక కాళ్లు పడిపోతాయి. అందమూ అవిటితనమూ ఒకే ముక్కలో ఉన్నాయి, ఏది తీసి ఏది ఉంచుతారు?

రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ సంగతి ఇంకా ఘోరం. వీపు మీద ఎదురు తిరిగిన వెంట్రుకల గీతే దాని గుర్తింపు. కొన్ని జన్యువులున్న ముక్క రెండుసార్లు అచ్చుపడడం వల్ల ఆ గీత వస్తుందని 2007లో తేలింది. అదే ముక్క వల్ల కొన్ని పిల్లలకు చర్మం నుంచి వెన్ను వైపు సన్నటి గొట్టం ఏర్పడి చీము పడుతుంది. గీత లేకుండా పుట్టిన పిల్లలకు ఈ బాధ దాదాపు ఉండదు. చాలాకాలం బ్రీడర్లు పుట్టగానే చంపింది ఆ గీత లేని పిల్లల్నే.

వీటన్నిటికన్నా నన్ను కుదిపేసింది డాల్మేషన్ కథ. మామూలు కుక్క శరీరం యూరిక్ యాసిడ్‌ను కాలేయంలో విరిచి తేలిగ్గా కరిగే పదార్థంగా మారుస్తుంది. డాల్మేషన్‌లో దాన్ని కాలేయ కణాల్లోకి చేరవేసే ఎస్ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులో ఒక్క అక్షరం తప్పు పడింది. దాంతో యూరిక్ యాసిడ్ మూత్రంలోకి దిగిపోయి రాళ్లు కడుతుంది. మగ కుక్కల్లో ఆ రాయి సన్నటి మూత్రనాళంలో ఇరుక్కుంటే చుక్క కూడా బయటికి రాదు, ఆపరేషన్ ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఒకప్పుడు జాతిలో ప్రతి కుక్కకూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చింది ఈ తప్పు అక్షరమే. అంటే 'స్వచ్ఛమైన' డాల్మేషన్ అనిపించుకోవాలంటే ఈ లోపం ఉండి తీరాల్సి వచ్చేది. మంచి జన్యువు కావాలంటే ఇంకో జాతి దగ్గరికి వెళ్లక తప్పేది కాదు.

అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యు శాస్త్రవేత్త 1973లో ఆ పనే చేశాడు. ఒక్కసారి, ఒకే ఒక్క పాయింటర్ కుక్కతో డాల్మేషన్‌ను జత కట్టించాడు. తర్వాత ప్రతి తరాన్నీ మళ్లీ డాల్మేషన్లతోనే కలుపుతూ పోయాడు. ఐదో తరానికి చూడ్డానికి అచ్చం డాల్మేషన్లు, మూత్రంలో మాత్రం మామూలు కుక్కలు. 1981లో అమెరికన్ కెనెల్ క్లబ్ వాటిలో రెండింటిని రిజిస్టర్ చేసుకుంది. వెంటనే డాల్మేషన్ బ్రీడర్ల నుంచి గొడవ. పుస్తకంలోకి కల్తీ రక్తం వచ్చిందట! రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. అసలు జన్యువేదో 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో తేలింది. తలుపు మళ్లీ తెరుచుకున్నది 2011లో. మందు చేతిలో పెట్టుకుని ముప్పై ఏళ్లు రాళ్లు కోస్తూ కూర్చున్నారన్నమాట. ఆ పాయింటర్ రక్తం అప్పటికి ఒక శాతం కూడా మిగల్లేదు.

బ్రీడర్ల వాదనా ఉంది. బాధ్యత తెలిసినవాళ్లు పరీక్షలు చేయించే జత కడతారు, ఊరకుక్కలకు మాత్రం జబ్బులు రావా, జాతులే లేకపోతే గొర్రెలు కాసే కుక్క ఎక్కడ దొరుకుతుంది అంటారు. పరీక్షలు మంచివే. కానీ జాతి మొత్తానికీ లోపం ఉన్నప్పుడు ఆ పరీక్షతో ఏరేసేది దేన్ని? గుణం సంగతంటారా, 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి 2022లో వచ్చిన అధ్యయనం, ఒక కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమే అంది. జాతి గట్టిగా హామీ ఇవ్వగలిగేది రూపానికే.

సరే, దేశవాళీ జాతులు పెంచుకుందాం అంటున్నారు ఇప్పుడు. 2020లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాక ముధోల్, రాజపాళయం కుక్కలకు గిరాకీ పెరిగింది. సంతోషమే. కానీ తెలుగు రాజుల కులం వాళ్లు స్థిరపడిన తమిళనాడు ఊరు రాజపాళయం కుక్కను చూడండి. పాల తెలుపు ఒళ్లు, గులాబీ ముక్కు ఉండాలి. ఈనినప్పుడు మచ్చలతోనో గోధుమ రంగులోనో పిల్లలు పుడితే ఒకప్పుడు తీసేసేవారు. రిడ్జ్‌బ్యాక్ కథే, ఊరు మారిందంతే. ఇలాంటి తెలుపుకు తరచూ ఒక ఖరీదు ఉంటుంది. లోపలి చెవి పనిచేయాలంటే అక్కడ రంగు కణాలు ఉండాలి. రంగును ఒళ్లంతా తుడిచేసే జన్యువు ఒక్కోసారి చెవిలోనూ తుడిచేస్తుంది. రాజపాళయం కుక్కల్లో చెవుడు ఎక్కువన్నది పెంచేవాళ్లందరికీ తెలిసిన సంగతే. అమెరికాలో పరీక్షించిన డాల్మేషన్లలో దాదాపు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో వినపడవు. వేటకూ కాపలాకూ పుట్టిన కుక్కకు చెవుడు తెప్పించి దాన్ని వారసత్వం అనుకోవడం మనకే చెల్లింది.

నెదర్లాండ్స్ 2019లోనే మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కలను జత కట్టించొద్దని చెప్పింది. నార్వే సుప్రీంకోర్టు 2023లో కావలియర్ కింగ్ చార్లెస్ జాతిని ఇప్పుడున్న తీరులో పెంచడం చట్టవిరుద్ధమంది. మన దగ్గర 2017 నిబంధనల ప్రకారం బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఆ బోర్డులు ఒక టేపు పట్టుకుని మూతులు కొలిచినా సగం పని అయిపోతుంది. రాజపాళయం వాళ్లయితే మచ్చల పిల్లల్ని మందలోకి రానిస్తే చాలు.

ఇంతవరకూ కుక్కల గురించే కాబట్టి అందరూ తలూపుతారు. ఇప్పుడు అసలు మాట. గిరి గీసుకుని లోపలే కలుపుకుంటూ పోతే దాగి ఉన్న తప్పులు జతపడతాయన్న లెక్క కుక్కకూ మనిషికీ ఒక్కటే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులు చూశాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించిన గుర్తులు 81 సమూహాల్లో ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదులకంటే బలంగా కనిపించాయి. జన్యు జబ్బుల చర్చ వస్తే ప్రపంచమంతా ముందు చెప్పేది ఆ ఇద్దరి పేర్లే.

మన వైశ్యుల ఉదాహరణ మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం కొన్ని నిమిషాల్లో దిగిపోవాలి. దాన్ని విరిచే ఎంజైమ్ లేనివాళ్లకు గంటల తరబడి ఊపిరి యంత్రంతోనే అందించాలి. ఈ లోపం మిగతావాళ్లకంటే వైశ్యుల్లో చాలా ఎక్కువ. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు వాడతాడు, అంతటితో సరి. ఇది ఆ కులాన్ని తక్కువ చేయడం కాదు. మిగతా కులాల్లో ఏమున్నాయో వెతికినవాళ్లు తక్కువ, తేడా అంతే. పైగా మేనమామకు మేనకోడలిని ఇచ్చుకునే ఆచారం మన రెండు రాష్ట్రాల్లో చాలా కులాల్లో ఉంది.

1981లో డాల్మేషన్ బ్రీడర్లు అన్న మాటే మన పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఇంకా అచ్చవుతోంది. శాఖ కలవాలి, గోత్రం చూడాలి, జాతకం కుదరాలి. ఇన్ని చూసే ఇంట్లో పెళ్లికి ముందు తలసేమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు) పరీక్ష చేయిద్దామా అని అడిగి చూడండి. 'మా పిల్లకేం లోపముందని?' అని ఆ సంబంధమే వదులుకుంటారు.