ఒక్క బుడిపె తేడా

పెద్దవాళ్ల లెగో పెట్టె మీద 18+ అని ఉంటుంది. అది చూసి ఇంట్లోవాళ్లు ఓసారి అనుమానంగా కళ్లు చిట్లిస్తారు గానీ, లోపల అభ్యంతరకరమైనవేమీ ఉండవు. ఒకదాంట్లో ఒకటి బిగించే ప్లాస్టిక్ ఇటుకలూ ముక్కలూ రెండు మూడు వేలు, నంబర్లు వేసిన సంచులు, ఎలా కట్టాలో చూపే నిఘంటువంత పుస్తకం, అంతే. అభ్యంతరకరమైన మాటలు తర్వాత వస్తాయి, కట్టేవాడి నోట్లోంచి.

చిన్నప్పుడు ఆడి, ఎక్కడో వదిలేసి, జుట్టు నెరిసే వేళకి మళ్లీ ఇటుకల దగ్గరికి చేరినవాళ్లు ఆ మధ్య ఏళ్లని ‘చీకటి యుగం’ అంటారు. ఆ యుగంలోంచి బయటపడ్డవాడు వెంట తెచ్చుకునేది ఒక్కటే, ధీమా. పిల్లలు చేసేదేగా అనుకుంటాడు. పిల్లలకో సౌకర్యం ఉంది. విమానం కుదరకపోతే దాన్ని మొసలి అనేస్తారు. పెద్దవాడికి ఆ వీలు లేదు, పెట్టె మీద ఫొటో ఉంది. 2×4 ఇటుకలు, అంటే పైన రెండు వరసల్లో నాలుగేసి బుడిపెలు ఉబికి ఉండేవి, ఒకే రంగువి ఆరు ఉంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని గణితజ్ఞులు లెక్క తేల్చారు. పుస్తకానికి కావలసింది అందులో ఒకే ఒక్కటి.

ఇక ప్రమాదం సంగతి. బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, ప్లేటు అనే పల్చటి ముక్క ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు పేరిస్తే ఒక ఇటుక. ఇంత పద్ధతిగల లోకంలో తప్పుకి చోటెక్కడ అంటే, పుస్తకంలో. అందులో ఎలా కట్టాలో చెప్పే మాటలుండవు, బొమ్మలే. బొమ్మలన్నీ ఏటవాలుగా చూసినట్టు గీసి ఉంటాయి కాబట్టి ముందున్న గోడ వెనక బుడిపెల్ని కప్పేస్తుంది. పదహారు బుడిపెల ప్లేటు మీద ఎడమ నుంచి ఆరోదాని మీద పెట్టాల్సిన ముక్కని మనవాడు ఏడోదాని మీద పెడతాడు. అది పుస్తకంలో 14వ మెట్టు. టక్కుమని కూర్చుంటుంది. తప్పు చోటైనా ఒప్పు చోటైనా చప్పుడు ఒకటే, అదే అసలు దగా. ఆ పైన పెట్టేవన్నీ పద్ధతిగా ఆ తప్పు మీదే నిలబడతాయి. 61వ మెట్టులో పైకప్పు బిగించబోతే ఒక పక్క బుడిపె వెడల్పు సందు, రెండో పక్క గోడ అడ్డం.

మొదటి అనుమానం కంపెనీ మీదికి పోతుంది, ముక్క తేడాగా వేశారని. రెండోది అచ్చుతప్పు మీదికి. మూడో ప్రయత్నం, గట్టిగా నొక్కడం. ఇటుకలు చేసే ఏబీఎస్ ప్లాస్టిక్ అలిగిన అల్లుడి లాంటిది, ఒత్తిడి చేస్తే వంగదు. నొక్కిన చోట బాగానే ఉండి, కింద ఎక్కడో చేయి దూరని మూల ఊడుతుంది. నాలుగోదిగా గానీ పేజీలు వెనక్కి తిప్పాలనిపించదు.

అలా తిప్పేటప్పుడు పుస్తకంలో బొమ్మని చూసి కట్టినదాంతో పోల్చకూడదు, కళ్లు మళ్లీ అదే మోసం చేస్తాయి. అంచు నుంచి బుడిపెలు లెక్కపెట్టాలి, వేలు పెట్టి మరీ. తప్పు దొరికాక అంతా పీకెయ్యక్కర్లేదు. ఫోనుతో రెండు పక్కల నుంచి ఫొటోలు తీసుకుని, పై పొరల్ని ఒకే దిమ్మగా లేపొచ్చు. ఒక కొస నుంచి కొద్దిగా, రెండో కొస నుంచి కొద్దిగా, ఊపుతూ. ఒకేసారి లాగితే దిమ్మ చేతిలోకీ, దాని కిటికీలు సోఫా కిందికీ వస్తాయి.

అప్పుడు తగులుతాయి ఒకదాని మీద ఒకటి అతుక్కున్న రెండు 1×2 ప్లేట్లు. రెండూ కలిపి 6.4 మిల్లీమీటర్లు, గోరు పట్టడానికి అంచు లేదు. ఉడుం పట్టు అన్నది వీటిని చూసి పుట్టిన మాటేమో అనిపిస్తుంది. 1958 జనవరి 28న డెన్మార్క్‌లో పేటెంటుకి దరఖాస్తు చేసిన ఏర్పాటు మహిమ అది. అంతకుముందు ఇటుకల అడుగు బోలుగా ఉండి, కట్టింది ఇట్టే జారిపోయేది. లోపల గొట్టాలు పెట్టాక బుడిపె గొట్టానికీ గోడకీ మధ్య ఇరుక్కుని కదలదు. ఆనాటి ఇటుక ఇవాళ్టి దానికీ సరిపోతుంది. విడదీసేటప్పుడు మాత్రం ఈ ఘనత ఎవరికీ గుర్తుకు రాదు.

పళ్లతో లాగడం ఈ హాబీలో అందరూ చేసి ఎవరూ ఒప్పుకోని పని. పంటి గాటు ప్లాస్టిక్ మీద శాశ్వతం. చాకు ఇంకా దారుణం, జారిందంటే బొటనవేలే. పెద్ద సెట్లు చాలావాటిలో ముక్కల్ని విడదీసే నారింజరంగు పనిముట్టు ఒకటి వస్తుంది, సెపరేటర్. కొత్తవాళ్లు దాన్ని ఏ మెట్టులో బిగించాలా అని పుస్తకమంతా వెతుకుతారు. అతుక్కున్న ప్లేట్లకి రెండు సెపరేటర్లు కావాలి. ఒకటి పైన, ఒకటి కింద, పిడులు రెండూ ఒకే వైపు ఉండేలా తగిలించి, బట్టల క్లిప్పు నొక్కినట్టు నొక్కితే చాలు. ఒక్కటే ఉంటే పై ప్లేటుకి దాన్ని, కింది ప్లేటుకి ఓ పొడవాటి ఇటుకని తగిలించి, పట్టుకోవడానికి చోటు చేసుకుని మెల్లగా ఎత్తాలి.

ముక్క తక్కువైతే సంచిని తిట్టే ముందు మిగిలినవి చూడాలి. పసుపు బల్బు కింద నలుపూ, ముదురు గోధుమరంగూ, ముదురు నీలమూ అక్కాచెల్లెళ్లే. నల్లది ఒకటి తగ్గిందంటే అదే ఆకారంలో గోధుమరంగుది ఒకటి మిగిలే ఉంటుంది, నల్లదేమో ఎప్పుడో గోడలో కలిసిపోయింది. అందుకే తెల్లని వెలుతురులో కట్టాలి. అదీ కాకపోతే సంచి మూలలు, ఇంకో ముక్క అడుగు, చివరికి మోచెయ్యి. మోచేతికి అంటుకున్న 1×1 ప్లేటు కోసం గదంతా గాలించడం చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమే. వాక్యూమ్ క్లీనర్ మూతికి పల్చటి మేజోడు తొడిగి తిప్పితే నేల మీది ముక్కలు లోపలికి పోకుండా దానికే అంటుకుంటాయి. ఆ మేజోడు ఎవరిదో ముందే అడగడం క్షేమం. ఇంత చేసినా దొరకని ముక్క రాత్రి మంచినీళ్లకి లేచినప్పుడు తనంతట తానే అరికాలికి దొరుకుతుంది.

అంతా అయ్యాక బల్ల మీద కొన్ని మిగులుతాయి. బుల్లి 1×1 ముక్కలైతే కంగారు లేదు. అంత తేలికవాటిని తూకంలో కచ్చితంగా పట్టుకోవడం కష్టమని ఒకటీ అరా ఎక్కువే వేస్తారు. 2×4 ఇటుక మిగిలితే మాత్రం అది కానుక కాదు. గోడలో ఎక్కడో దాని చోటు ఖాళీగా ఉంది. అక్కడికి చేరాలంటే మళ్లీ పైకప్పు లేపాలి, ప్లేట్లు విడదీయాలి, బుడిపెలు లెక్కపెట్టాలి. చాలామంది ఆ ఇటుకని సొరుగులో వేసి, బొమ్మని అలమరలో ఆ పక్క గోడవైపుకి తిప్పి పెడతారు.