పన్నెండు గంటలు చేసింది కార్నెగీనా?

ఆండ్రూ కార్నెగీ మెసేజ్ ఈ వారం మళ్లీ తిరుగుతోంది. బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో వచ్చింది, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి కడప నుంచి మా పెదనాన్న కూడా పంపారు. అందులో ఉన్నది ఇదీ: పేద నేతగాడి కొడుకు, ఎవరి సాయమూ లేకుండా, పైసా అప్పు చేయకుండా, రోజుకు పన్నెండు గంటల కష్టంతో ఉక్కు సామ్రాజ్యం కట్టాడు, జేబులో డబ్బు పెట్టుకునేవాడు కాదు, ఆస్తంతా దానం చేశాడు, మీరేమో తొమ్మిది గంటలకే నీరసపడుతున్నారు. కింద వరసగా దండాలు.

పేదరికం నిజమే. 1848లో స్కాట్లాండ్ నుంచి అమెరికా వెళ్లి, పదమూడేళ్లకే నూలు మిల్లులో వారానికి 1.20 డాలర్లకు చేరాడు. జేబు సంగతి వదిలేయండి, ఎవడిక్కావాలి.

ఎవరి సాయమూ లేదట! మరి 1853లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైలు కంపెనీలో ఉద్యోగమిచ్చిన టామ్ స్కాట్ ఎవరు? ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అనే పార్సిల్ కంపెనీ షేర్లు కొనమన్నది ఆయనే, కొన్నది అప్పు డబ్బుతోనే. స్లీపర్ బోగీల కంపెనీలో వాటాకీ బ్యాంకు అప్పే. ఆ రెండు కంపెనీలకూ ఆ రైల్‌రోడ్‌తోనే వ్యాపారం, ఇప్పుడైతే షేర్ మార్కెట్‌ను కాపలా కాసే సెబీ నోటీసు ఇంటికొచ్చేది. 1875లో బ్రాడాక్‌లో మొదలైన ఉక్కు ఫ్యాక్టరీకి రైల్‌రోడ్ ప్రెసిడెంట్ ఎడ్గర్ థామ్సన్ పేరు పెట్టాడు. మొదటి ఆర్డరు, 2,000 పట్టాలు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోండి చూద్దాం. పైగా విదేశీ పట్టాల మీద టన్నుకు 28 డాలర్ల సుంకం.

ఇక ఆ పన్నెండు గంటలు. అసలు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ పన్నెండు గంటలు చేసింది ఫర్నేసుల ముందు నిలబడ్డ కూలీలు, కార్నెగీ కాదు. పగలు డ్యూటీ వాళ్లు రాత్రికి మారే రోజున ఏకంగా ఇరవైనాలుగు గంటలు చేయాలి, అదీ మరిగే ఉక్కు పక్కన. సంఘం పెట్టుకునే హక్కు కార్మికుడికి ఉందని 1886లో తనే వ్యాసం రాశాడు, మహానుభావుడు. 1892లో హోమ్‌స్టెడ్‌లోని తన ఫ్యాక్టరీలో కార్మికులు జీతాల కోతకు ఒప్పుకోనందుకు ఆయన భాగస్వామి ఫ్రిక్ గేట్లు మూసి, 300 మంది పింకర్టన్ ప్రైవేటు గార్డులను రాత్రికి రాత్రి పడవల్లో దింపబోయాడు. తుపాకులు పేలాయి, రెండు వైపులా మనుషులు పోయారు. అప్పుడు కార్నెగీ స్కాట్లాండ్‌లో సెలవుల్లో ఉన్నాడు! సంఘం పోయింది, పన్నెండు గంటలు మిగిలాయి. ఈ మెసేజ్ స్టేటస్‌గా పెట్టుకునే మేనేజర్లకు మాత్రం ఆ అంకె భలే నచ్చుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మనం కూర్చునే గంటలు ఏ లెక్కలోకీ రావు.

దానం మాటలో మాత్రం వంక పెడదామని చూశాను, కుదరలేదు. 1901లో కంపెనీని 48 కోట్ల డాలర్లకు బ్యాంకర్ మోర్గాన్‌కు అమ్మేసి, పోయేలోపు దాదాపు 35 కోట్లు పంచాడు, 2,500 పైచిలుకు లైబ్రరీలకు డబ్బిచ్చాడు. ఆ ఆలోచన కూడా గాల్లోంచి పుట్టలేదు. కుర్రతనంలో కర్నల్ ఆండర్సన్ అనే పెద్దమనిషి శనివారాలు తన సొంత పుస్తకాలను పనిచేసే పిల్లలకు అరువిచ్చేవాడు, కార్నెగీ చదువంతా అక్కడే. ఎలాగూ రేపు మళ్లీ పంపుతారుగా, "ఎవరి సాయమూ లేకుండా" తీసేసి ఆ కర్నల్ పేరు పెట్టండి.