బ్రూస్ ఫూట్ కొడుకు గురించి కూడా రాయాల్సింది

బ్రిటిష్ కాలంలో మన దేశంలో రాళ్లూ, ఆదిమానవుల ఆనవాళ్లూ వెతికిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ మీద వ్యాసం బాగుంది. కానీ 1863లో మద్రాసు దగ్గరి పల్లవరంలో ఆదిమానవుల రాతి పనిముట్టు దొరకడం దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయారు. మాది కర్నూలు ప్రాంతంలోని బేతంచెర్ల వైపు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలనిపించింది.

మా దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో తవ్వకాలు జరిగాయి. పని మొదలుపెట్టింది తండ్రి, తర్వాత నెలల తరబడి కొనసాగించింది కొడుకు హెన్రీ. ఆయన సైన్యంలో ఫిరంగిదళం అధికారి! సెలవులకి ఊటీ వెళ్లకుండా సున్నపురాయి గుహల్లో మట్టి తవ్వించి, ఎముకలు ఏరించాడన్నమాట. వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి. మా ఎండల్లో ఖడ్గమృగమంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఇంకో తమాషా, సర్గం అంటే స్వర్గమే అని మా పెద్దలు చెప్పేవాళ్లు. ఆ తెల్లదొరలేమో అందులో ఒక గుహకి 'పర్గేటరీ' అని, అంటే స్వర్గానికి పోయేముందు ఆత్మలు శిక్ష అనుభవించి శుద్ధి అయ్యే చోటని, పేరు పెట్టుకున్నారు!

తండ్రి ఫూట్ సంగతికొస్తే, ఆయన మామగారు పీటర్ పెర్సివల్ తమిళ పండితుడు. ఫూట్ 1891లో రిటైరయ్యాక ఇంగ్లండ్ వెళ్లిపోకుండా తమిళనాడు కొండల్లోని ఏర్కాడులో ఇల్లు పెట్టుకున్నాడు. ఊరికే కూర్చోలేదు, బరోడా, మైసూరు సంస్థానాల కోసం మళ్లీ రాళ్ల వెంట తిరిగాడు. జీవితమంతా ఏరిన పనిముట్లు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912లో కలకత్తాలో పోయాడు.

బేతంచెర్ల అంటే అందరికీ నాపరాళ్లే గుర్తొస్తాయి. ఆ గుహల దగ్గర ఈ తండ్రీకొడుకుల పేర్లతో ఒక బోర్డు పెట్టినా సంతోషిస్తాను.