చందా రసీదు చెప్పే రాజకీయం

విజయవాడ ధర్నా చౌక్‌లో ఎగిరే జెండాలను చూసి ఏ కార్మిక సంఘం ఏ పార్టీదో చెప్పడం తేలికే. సంఘం పార్టీని కదిలిస్తోందా, పార్టీయే సంఘాన్ని నడుపుతోందా అన్నది మాత్రం జెండాలతో తేలదు. నేడు సీపీఐ వైపున్న కార్మిక సంఘం ఏఐటీయూసీ 1920లో పుట్టినప్పుడు తొలి అధ్యక్షుడు కాంగ్రెస్ నాయకుడు లాలా లజపతిరాయ్. కమ్యూనిస్టు పార్టీ 1964లో సీపీఐ, సీపీఎంలుగా చీలితే, సీపీఎం వైపు సంఘం సీఐటీయూ ఏర్పడింది 1970లో. పార్టీ చీలిన నాడే సంఘమూ చీలిందనుకునే విద్యార్థి మధ్యలోని ఆరేళ్లను వదిలేసినట్టే.

మన విశ్వవిద్యాలయాల్లో సంఘాలకూ పార్టీలకూ ఉన్న ఈ సంబంధాన్ని పరిశోధనకు ఎంచుకునేవారు ముందు సభ్యత్వాన్ని అనుమానించాలి. సంఘాలు చెప్పుకునే సంఖ్య వేరు, తనిఖీలో నిలిచేది వేరు. దేశవ్యాప్త కేంద్ర కార్మిక సంఘాల సభ్యత్వాన్ని 2002 డిసెంబరు 31 నాటి లెక్కలతో సరిచూసి 2008లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు పాతికేళ్ల కిందటి బలాబలాలను నేటివిగా వాడకూడదు. పైగా ముఠా కూలీ చందా కట్టేది చాలాచోట్ల పని దొరకడానికి; ఆటో డ్రైవర్‌కు స్టాండులో చోటు కావాలి. ఆ రసీదును సిద్ధాంతాభిమానం కింద జమ కడితే మొదటి అడుగే తప్పుతుంది.

డబ్బు సంగతి ఇంకా చిక్కు. 1926 కార్మిక సంఘాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం రాజకీయ అవసరాలకు విడిగా నిధి ఉండాల్సి వచ్చేది. దానికి చందా ఇవ్వమని సభ్యుణ్ణి బలవంతం చేయడానికి వీలుండేది కాదు. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ప్రత్యేక నిధి ఏర్పాటు ఉంది. అయితే ఆ ఖాతాలో సున్నా కనిపించినంత మాత్రాన పార్టీతో సంబంధం లేదనుకోవద్దు. బహిరంగ సభకు లారీల కిరాయి, పూర్తికాలం కార్యకర్త భత్యం సాధారణ ఖర్చుల్లో కలిసిపోవచ్చు. అందుకే ఆడిట్ పద్దుల పక్కన కార్యవర్గం జాబితా పెట్టుకోవాలి. అందులోని పేర్లను పార్టీ కమిటీలతో, ఎన్నికల అభ్యర్థులతో ఏడాదివారీగా పోల్చాలి.

మాకు అన్నిటికంటే గట్టిదనిపించే పరీక్ష ఒకటుంది: తమ పార్టీ గద్దెనెక్కాక సంఘం ఏం చేసింది? ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024 ఎన్నికలు మూడు విడి కాలాలను ఇచ్చాయి. ఒకే సంఘం ఈ మూడింటిలో ఇచ్చిన సమ్మె నోటీసులు, డిమాండ్లు, విరమణ తేదీలు వరసగా రాస్తే చాలా సంగతులు బయటపడతాయి. అంగన్‌వాడీల 42 రోజుల సమ్మెలో ఏఐటీయూసీ, సీఐటీయూ, మరో వామపక్ష సంఘం ఐఎఫ్‌టీయూ కలిసి నడిచాయి. 2024 జనవరిలో వారిపై ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే చట్టం ఎస్మాను ప్రయోగించింది. పార్టీలు వేరైనా సంఘాలు ఎక్కడ కలుస్తాయో చూడటానికి అది మంచి ఉదాహరణ.

ఓట్ల విషయంలో తొందర పనికిరాదు. ఎన్నికల ఫలితాల పత్రమైన ఫారం 20లో పోలింగ్ కేంద్రాలవారీ ఓట్లుంటాయి గానీ, ఆటోనగర్ బూత్‌లో ఓటేసిన వారంతా మెకానిక్‌లు కారు. మనుషులనే అడగాలి, అదీ మేస్త్రి పక్కన లేనప్పుడు. "మీది ఏ పార్టీ?" అని మొదలుపెడితే నోరు విప్పరు. చందా ఎవరికి కట్టారు, గొడవొస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు అని అడిగితే చెబుతారు.

సంఘాలు ఏటా సమర్పించే రిటర్నులు, కార్యవర్గ మార్పులు కార్మిక సంఘాల రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఒక్కొక్కరు దరఖాస్తు పెట్టుకునే దాకా ఆగకుండా కార్మిక శాఖే వాటిని తెలుగులో వెబ్‌సైట్‌లో ఉంచాలి. సభ్యుల వ్యక్తిగత వివరాలు తీసేసి పద్దులు, కార్యవర్గం జాబితాలు పెడితే చాలు.