చెత్త వెంట తెచ్చుకోండి

అంతరిక్షంలో చెత్త ఎత్తే నౌకను తయారుచేయాలంటే మొట్టమొదట కావాల్సింది చెత్త. పైన బోలెడుంది కదా అనకండి. అది పనికిరాదు. కింద నుంచే మూటగట్టుకుని వెళ్లాలి.

2018లో రిమూవ్‌డెబ్రీ అనే నౌక ఈ శాస్త్రాన్ని లోకానికి చాటింది. తన పొట్టలోంచి ఒక చిన్న పెట్టెను బయటికి వదిలింది. అది ఏడు మీటర్లు పోయేదాకా ఓపిగ్గా ఆగింది. వల విసిరింది. పడింది! చప్పట్లు. 2019 ఫిబ్రవరిలో హార్పూన్, అంటే తాడుకట్టి విసిరే ఈటె వంతు. ఈసారి లక్ష్యం పారిపోతుందని భయం కాబోలు, ఒక పలకను మీటరున్నర కర్రకు బిగించి, ఆ కర్రను తన ఒంటికే తగిలించుకుని, గురిచూసి కొట్టింది. గుచ్చుకుంది! మళ్లీ చప్పట్లు. తన చెప్పు తానే దాచి, తానే వెతికి, దొరికిందని గంతులేసినట్టు.

2021లో వెళ్లిన ఎల్సా-డి ఇంకా తెలివైనది. వెంట తెచ్చుకున్న చెత్తకు అయస్కాంతానికి అతుక్కునే పలక కూడా పెట్టుకుంది. అసలు చెత్తకు పలక ఉండదు, పిడి ఉండదు, పిలిస్తే పలకదు, పైగా గింగిరాలు తిరుగుతుంటుంది. 2012లో మూగబోయిన యూరప్ ఉపగ్రహం ఎన్విశాట్ ఎనిమిది టన్నులు. దాన్ని పట్టండి బాబూ, చప్పట్లు నేను కొడతాను.

క్లియర్‌స్పేస్-1 అనే ఊడ్పు నౌక వాళ్లు నిజం చెత్త మీదే కన్నేశారు. 2013 నుంచి తిరుగుతున్న వెస్పా అనే 112 కిలోల రాకెట్ ముక్క. ఊడ్చేవాడు బయల్దేరకముందే, 2023లో, దాని చుట్టూ కొత్త ముక్కలు కనిపించాయి. ఇంకేదో చెత్త వచ్చి గుద్దినట్టుంది. ఇక చేసేదేముంది, తర్వాత లక్ష్యాన్నే మార్చుకున్నారు. 2024లో జపాన్ వాళ్ల అడ్రాస్-జె మాత్రం ఒక పాత రాకెట్ ముక్కకు 15 మీటర్ల దగ్గరకు వెళ్లింది. ఫొటోలు తీసింది, ముట్టుకోలేదు. (ఇది గొప్పే, ఒప్పుకుంటాను.)

అయినా ముట్టుకోవాలంటే యజమాని అనుమతి కావాలి. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం పైకి పంపినది విరిగి ముక్కలైనా పంపిన దేశానిదే. చెత్త వేయడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చింది. లెక్కకు చిక్కిన ముక్కలే 3,000కు పైగా. 2019లో మనమూ ఆ ముచ్చట తీర్చుకున్నాం. తక్కువ ఎత్తులోనే చేశాం, త్వరగా రాలిపోతాయి అని ఒక సంజాయిషీ. 2021 నవంబరులో రష్యా పేలిస్తే అంతరిక్ష కేంద్రంలోని ఏడుగురు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగు నౌకల్లోకి దూరారు. అందులో ఇద్దరు రష్యన్లే! సిగ్గుండక్కర్లేదా? సొంత మనుషులు పైన ఉన్నారని తెలిసీ మీట నొక్కారు.

ఈ మూడు పేల్చివేతల్లోనూ గురి తప్పలేదు. ఎవరూ పలకను కర్రకు కట్టుకుని వెళ్లలేదు. పేల్చడానికి మాత్రం అంతా అసలు సరుకే.