కొనేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది ఇంకొకరు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏదైనా పాత ఆఫీసుకు వెళ్లి స్టోర్‌రూం తలుపు తీయించి చూడండి. దుమ్ము పట్టిన లావుపాటి మానిటర్లు, మూతలు ఊడిన సీపీయూలు, కొనల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకున్న యూపీఎస్ బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిని పనికిరావని తేల్చి కండెమ్ చేసే కమిటీ కూర్చోదు. ఎప్పుడో కూర్చుంటే తూకానికి పోతాయి. ఆ మానిటర్ గాజులో సీసం ఉంది, బ్యాటరీలో ఉన్నదీ సీసమే. పాత సామాన్ల షాపు వెనకాల వాటిని సుత్తితో పగలగొట్టే పిల్లవాడి చేతులకు తొడుగులుండవు. ఆ గాలి అతనే పీల్చాలి.

2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్ వచ్చింది, నల్లగొండలో ఐటీ హబ్ వచ్చింది. ఒకప్పుడు పాలమూరు జిల్లాలో భాగమైన షాద్‌నగర్ వైపు డేటా సెంటర్లు లేస్తున్నాయి. కంప్యూటర్లు పెరిగే కొద్దీ కరెంటు వాడకమూ చెత్తా పెరుగుతాయి. వాటిని తగ్గించే పద్ధతినే గ్రీన్ ఐటీ అంటారు. దాన్ని కొన్ని సంస్థలు అందిపుచ్చుకుంటాయి, కొన్ని అటువైపే చూడవు. ఎందుకన్నదే అసలు ప్రశ్న.

సంస్థలన్నీ పోను పోను ఒకే తీరుగా ఎందుకు తయారవుతాయో 1983లో డిమాజియో, పావెల్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు వివరించారు. చట్టం ఒత్తిడి ఒకటి, పక్కవాళ్లను చూసి చేయడం రెండోది, వృత్తిలో ఉన్నవాళ్లు పెట్టుకున్న ప్రమాణాలు మూడోది. ఈ మూడూ పెద్ద కంపెనీల మీద బాగానే పనిచేస్తున్నాయి. స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు ఏటా పర్యావరణ నివేదిక ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. మన కాలేజీల్లో సోలార్ పలకలు, ఈ-వ్యర్థాల డబ్బాలు కనిపిస్తున్నాయంటే కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ గుర్తింపులో వాటికీ మార్కులుండటం పెద్ద కారణం. చిన్న ఆఫీసుకు ఈ మూడు ఒత్తిళ్లలో ఏదీ గట్టిగా తగలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు కనీసం వెయ్యి పరికరాలు వాడే సంస్థనే భారీ వినియోగదారుగా లెక్కిస్తాయి. నలభై కంప్యూటర్ల ఆఫీసు ఆ లెక్కలోకి రాదు.

చట్టం కంటే పెద్ద అడ్డంకి డబ్బు నడిచే దారిలోనే ఉందని మేం భావిస్తున్నాం. కంప్యూటర్లు కొనే సెక్షన్ వేరు, కరెంటు బిల్లు కట్టే పద్దు వేరు. టెండర్‌లో తక్కువ ధర వేసినవాడిదే గెలుపు. ఐదేళ్లలో ఆ యంత్రం ఎంత కరెంటు తాగుతుందో ఆ ధరలో ఉండదు. నాలుగు వేలు ఎక్కువ పెట్టి తక్కువ కరెంటు వాడే యంత్రం కొన్న అధికారికి ఆడిట్ ప్రశ్న ఎదురవుతుంది. ఆ యంత్రం పొదుపు చేసిన సొమ్ము ఆయన ఖాతాలో ఎక్కడా కనిపించదు. ఇలాంటి ఏర్పాటులో ఎవరైనా తక్కువ ధరకే సంతకం పెడతారు. ఆ మనిషిని తప్పుపట్టలేం.

ఒక ల్యాబ్‌ లెక్క చూద్దాం. నలభై కంప్యూటర్లు. సాయంత్రం ఐదుకు అందరూ వెళ్లిపోతారు, మెషీన్లు మాత్రం ఆన్‌లోనే ఉంటాయి. మానిటర్‌తో కలిపి ఒక్కోటి 60 వాట్లు అనుకుంటే, మర్నాడు తొమ్మిది దాకా పదహారు గంటల్లో 38 యూనిట్లు ఖర్చవుతాయి. మన దేశపు కరెంటులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఎవరూ లేని గది కోసం ఒక్క రాత్రికి 27 కిలోలు. దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ ప్లాంటు పొగను చూస్తూ బతికే ఊళ్లున్న జిల్లా మనది. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. సెట్టింగ్స్‌లో స్లీప్ మోడ్ పెట్టడానికి పైసా ఖర్చు లేదు. పెట్టే మనిషి ఎవరన్నదే తేలడం లేదు. ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌కు ఆ అధికారం లేదు, సూపరింటెండెంట్ దాన్ని తన పనిగా చూడడు.

నల్లగొండకు ఈ పాఠం కొత్తది కాదు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. లోకమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. ఖర్చు తక్కువ, బకెట్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ ఏ నీటికి ఎంత పటిక పడుతుందో చూసుకోవాలి, రోజూ కలపాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆ పని ఫలానా మనిషిదని తేలని చోట మంచి పద్ధతి కూడా మూలన పడింది. గ్రీన్ ఐటీకీ అదే గతి పట్టకూడదని మా ఆందోళన.

ఇప్పుడు తొందర ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. నడుస్తున్న కంప్యూటర్లను కూడా ఈ పేరుతో మూలకు నెట్టే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్ వల్ల జరిగే కాలుష్యంలో పెద్ద భాగం అది తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది కాబట్టి, ఉన్నదాన్ని ఇంకో మూడేళ్లు నడపడమే పెద్ద మేలు. హార్డ్‌డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కిస్తే టైపింగుకూ ఆన్‌లైన్ పనులకూ సరిపోతుంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే జిల్లా ఆఫీసులకు మరమ్మతు చేసేవాళ్లు దొరుకుతారు, వాళ్లకు పని వస్తుంది.

జిల్లా కలెక్టర్లను మేం కోరేది ఇంతే. ప్రతి ఆఫీసులో ఒకరి పేరు రాసి, ఆ ఆఫీసు కంప్యూటర్లు, వాటి కరెంటు, వాటి చెత్త ఆ మనిషి బాధ్యతని ఉత్తర్వు ఇవ్వండి. టెండర్ ధరలో ఐదేళ్ల కరెంటు ఖర్చు కలపండి. కండెమ్ జాబితా మీ బల్ల మీదకు వచ్చినప్పుడు, సంతకానికి ముందు నమోదైన రీసైక్లర్ ఇచ్చిన రసీదు అడగండి.